ఒక్క మాట, వెయ్యి ఫైళ్లు

ఊరి పేరు మార్చడానికి ప్రభుత్వానికి ఒక్క ప్రకటన చాలు. అసలు పని ఆ మర్నాడు మొదలవుతుంది. 1996లో మద్రాసు చెన్నై అయింది. 2001లో కలకత్తా కోల్‌కతా అయింది. 2011లో ఒరిస్సా ఒడిశాగా, 2018లో అలహాబాద్ ప్రయాగ్‌రాజ్‌గా మారాయి. బోర్డులకు రంగు వేయడం, రబ్బరు స్టాంపులు కొత్తవి చేయించడం నలుగురికీ కనిపించే పనులు. కనిపించని పని కంప్యూటర్ల లోపల ఉంటుంది. దరఖాస్తు ఫారం, రసీదు నమూనా, వెబ్ పేజీ, వాటిని నడిపే ప్రోగ్రాము, జిల్లాల జాబితా ఇలా పాత పేరు వందల ఫైళ్లలో నక్కి ఉంటుంది. దాన్ని ఒక్కొక్క చోట పట్టుకుని మార్చాలి.

ఆ పని సాధారణంగా ఆఫీసులో అందరికన్నా చిన్నవాడి నెత్తిన పడుతుంది. అతని ముందు రెండు దారులు ఉంటాయి. ఒక్కో ఫైలూ తెరిచి, చదివి, దిద్ది, మూయడం మొదటిది. నలభయ్యో ఫైలు దగ్గరికి వచ్చేసరికి కళ్లు అలసిపోతాయి, నలభై ఒకటో ఫైలులో పాత పేరు అలాగే మిగిలిపోతుంది. అన్ని ఫైళ్లనూ ఒకేసారి టెక్స్ట్ ఎడిటర్‌కు అప్పగించి ఒక్క బటన్ నొక్కడం రెండోది. పని క్షణంలో అయిపోతుంది. ఆ ఆదేశంలో పొరపాటుంటే అది కూడా అదే క్షణంలో అన్ని ఫైళ్లకూ పాకుతుంది.

వెయ్యి ఫైళ్లలో ఒక మాట మార్చడం యంత్రానికి లెక్కలోకి రాని పని. ఏ చోట మార్చాలి, ఏ చోట మార్చకూడదు అన్నది తేల్చడమే మనిషి పని. మార్చే వేగం చూసి మురిసిపోయి, తేల్చే పనికి సమయం ఇవ్వని చోటే అనర్థాలు జరుగుతాయి.

తెర మీద ఉన్నది నకలే

ముందుగా టెక్స్ట్ ఎడిటర్ అంటే ఏమిటో చూడాలి. ఉత్తరాలు, నివేదికలు రాసుకునే వర్డ్ వంటి సాఫ్ట్‌వేర్ అక్షరాలతోపాటు వాటి సైజు, రంగు, పేజీ అంచులు కూడా దాస్తుంది. టెక్స్ట్ ఎడిటర్‌కు ఆ హంగులు లేవు. ఉత్త అక్షరాలే. ప్రోగ్రాములు, వెబ్ పేజీలు, జాబితాలు ఉండేది ఆ రూపంలోనే కాబట్టి ప్రోగ్రామర్ల చేతిలో అది వడ్రంగి చేతిలో ఉలి లాంటిది.

ఎడిటర్‌లో ఫైలు తెరిస్తే తెర మీద కనిపించేది అసలు ఫైలు కాదు, దాని నకలు. ఎడిటర్ డిస్కు మీదున్న ఫైలును చదివి, నకలును మెమరీలో పెట్టుకుంటుంది. దీన్నే బఫర్ అంటారు. దిద్దుబాట్లన్నీ ఆ నకలు మీదే జరుగుతాయి. సేవ్ చేసినప్పుడే అవి డిస్కుకు చేరతాయి. ఇరవై ఫైళ్లు తెరిస్తే ఇరవై బఫర్లు. అన్నింటిలో ఒకేసారి మాట మార్చి, నచ్చకపోతే సేవ్ చేయకుండా మూసేయవచ్చు. అసలు ఫైళ్లకు ఏమీ కాదు.

ఈ తేడా తెలియకపోతే ఎంత ప్రమాదమో చెప్పడానికి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ మంచి ఉదాహరణ. 2003లో డాన్ హో విడుదల చేసిన ఈ ఉచిత ఎడిటర్ భారతీయ ఆఫీసుల్లో బాగా వాడుకలో ఉంది. అందులో ఇంచుమించు ఒకేలా వినిపించే రెండు ఆదేశాలున్నాయి. తెరిచి ఉన్న పత్రాలన్నింటిలో మాట మార్చేది ఒకటి. ఒక ఫోల్డర్‌లోని ఫైళ్లన్నింటిలో మార్చేది మరొకటి. మొదటిది బఫర్ల మీద పనిచేస్తుంది కాబట్టి వెనక్కి తీసుకోవచ్చు. రెండోది నేరుగా డిస్కు మీదే రాసేస్తుంది. తెరవని ఫైలులో జరిగిన మార్పును వెనక్కి తిప్పే బటన్ అందులో లేదు. పక్కపక్కనే ఉన్న ఆ రెండు ఆదేశాల్లో ఏది నొక్కారన్న దాని మీద ఒక రోజంతా చేసిన పని ఆధారపడి ఉంటుంది.

విండోస్‌తో ఉచితంగా వచ్చే మామూలు నోట్‌ప్యాడ్ సంగతి వేరు. 1985లో విండోస్ మొదటి వెర్షన్‌తో వచ్చిన ఆ చిన్న ఎడిటర్ ముప్పై ఏడేళ్లకు పైగా ఒక కిటికీకి ఒక ఫైలు పద్ధతిలోనే నడిచింది. విండోస్ 11 వాడేవారికి 2023లో దానిలో ట్యాబులు వచ్చాయి. అయితే ఫైళ్లు పక్కపక్కన తెరవడం వేరు, అన్నింటి చేతా కలిపి ఒక పని చేయించడం వేరు.

వెతుకులాటతో మొదలైన కథ

కలిపి పని చేయించాలన్న ఆలోచన పాతదే. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన ఈడీ అనే ఎడిటర్ యూనిక్స్ తొలినాళ్ల పనిముట్టు. అప్పటికి తెర లేదు. కాగితం మీద టైపు కొట్టే యంత్రమే. ఫైలు మొత్తాన్ని ఈడీ తనలోకి తీసుకునేది కాబట్టి పెద్ద ఫైలు దానికి పట్టేది కాదు. థాంప్సన్ సహోద్యోగి లీ మెక్‌మహన్‌కు ఇది అడ్డంకి అయింది. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787-88లో మారుపేరుతో వెలువడిన 85 ‘ఫెడరలిస్ట్’ వ్యాసాలను ఆయన పరిశీలిస్తున్నాడు. వాటిలో కొన్ని హామిల్టన్‌వా, మాడిసన్‌వా అన్నది చరిత్రకారుల మధ్య పాత తగువు. ఎవరు ఏ మాట ఎక్కువ వాడతారో చూడాలంటే వ్యాసాలన్నింటిలో వెతకాలి. ఈడీకి అంత సత్తా లేదు.

అప్పుడు థాంప్సన్ ఎడిటర్‌లోని వెతికే భాగాన్ని మాత్రం విడదీసి ప్రత్యేక ప్రోగ్రాముగా చేశాడు. ఈడీలో ఒక నమూనా ఉన్న వరుసలన్నీ వెతికి అచ్చువేయమని చెప్పే ఆదేశంలోని జి, ఆర్, ఈ, పి అనే నాలుగు అక్షరాలే దాని పేరయ్యాయి. అదే గ్రెప్. 1973 నాటి ఆ పనిముట్టు నేటికీ వాడుకలో ఉంది. ఎన్ని ఫైళ్లు ఇచ్చినా వెతికిన మాట ఏ ఫైలులో, ఏ వరుసలో ఉందో చూపుతుంది. దేన్నీ ముట్టుకోదు. ఆ తర్వాత మెక్‌మహనే సెడ్ రాశాడు. అది ఫైలును తెరపైకి తేకుండానే ప్రవాహంలా చదువుతూ మాటలు మార్చుకుంటూ పోతుంది. చూసేది ఒకటి, మార్చేది ఒకటి. యాభై ఏళ్ల కిందటే ఈ రెండు పనులూ వేరువేరు పనిముట్ల పాలయ్యాయి. ఆ విభజనలో ఉన్న వివేకం నేటి ఒక్క బటన్ ఎడిటర్లు వాడేవారికి తరచు గుర్తుండదు.

1976లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో బిల్ జాయ్ వీఐ ఎడిటర్ మొదలుపెట్టాడు. అదే ఏడాది ఎంఐటీలో రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ చేతుల్లో ఈమ్యాక్స్ రూపుదిద్దుకుంది. అనేక బఫర్లను ఏకకాలంలో ఉంచుకుని, తెరను ముక్కలుగా విడదీసి పక్కపక్కన చూసే అలవాటును ప్రోగ్రామర్లకు నేర్పింది ఈమ్యాక్సే. వీఐని మెరుగుపరిచి నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మోలెనార్ 1991లో విమ్ విడుదల చేశాడు. ఉచితంగా ఇచ్చిన ఆ ఎడిటర్‌కు ఆయన కోరిన ప్రతిఫలం ఒక్కటే. నచ్చితే ఉగాండాలోని కిబాలేలో అనాథ పిల్లలకు విరాళం ఇవ్వమని. 2023 ఆగస్టులో మరణించే దాకా ఆయనే దానికి పెద్ద దిక్కు.

విమ్‌లో తెరిచిన బఫర్లన్నింటికీ ఒకే ఆదేశం ఇచ్చే మాట ‘బఫ్‌డూ’. ఇచ్చిన ఫైళ్ల జాబితా మొత్తానికి ఆదేశం ఇచ్చేది ‘ఆర్గ్‌డూ’. మార్చమని చెప్పేటప్పుడు చివర ఒక్క అక్షరం చేరిస్తే ప్రతి చోటా ఆగి ‘మార్చనా?’ అని అడుగుతుంది. ఈమ్యాక్స్‌లో కూడా ప్రశ్నించి మార్చే ఆదేశం ఉంది. కావలసిన ఫైళ్లను గుర్తుపెట్టుకుని వాటన్నింటి మీదా దాన్ని నడపవచ్చు. 2015లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన వీఎస్ కోడ్ అయితే ఫోల్డర్ మొత్తం వెతికి, ప్రతి చోటా పాత మాట, కొత్త మాట పక్కపక్కన చూపించి, వద్దనుకున్నవాటిని జాబితా నుంచి తీసేయనిస్తుంది. రూపాలు వేరైనా ఈ సౌకర్యాలన్నింటి ఉద్దేశం ఒకటే. బటన్ మీద పడబోయే వేలిని క్షణంసేపు ఆపడం.

ఆ వెతుకులాట విలువ తెలుగువారికి కొత్త కాదు. 2000 సంవత్సరం ముంచుకొస్తున్నప్పుడు హైదరాబాద్ సహా దేశంలోని సాఫ్ట్‌వేర్ కంపెనీలకు పని తెచ్చిపెట్టింది రెండంకెల సంవత్సరమే. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో 1975ను 75 అని రాసి పొదుపు చేశారు. 00 వస్తే అది 1900 అవుతుందో, 2000 అవుతుందో యంత్రానికి తెలియదు. దిద్దడం సులువే. ఫైళ్ల నిండా ఉన్న లెక్కలేనన్ని రెండంకెల సంఖ్యల్లో ఏది సంవత్సరం, ఏది వయసు, ఏది శాతం అన్నది కనిపెట్టడమే కష్టం. కోబాల్ కోర్సు చేసి విమానం ఎక్కిన యువకుల్లో చాలామంది చేసిన పని ఇదే.

కడపటి మాటలో కడప

పేరు మార్పిడిలో తొలి ఉచ్చు మాటలో మాట. వెతికే యంత్రానికి పదాలు తెలియవు, అక్షరాల వరస మాత్రమే తెలుసు. 2002లో ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది. యాహూ మెయిల్ భద్రత కోసం ఉత్తరాల్లోని కొన్ని ప్రోగ్రామింగ్ మాటలను తనంతట తానే మార్చేసేది. ‘ఎవల్’ అన్న ఆదేశం స్థానంలో ‘రివ్యూ’ పెట్టేది. మధ్యయుగాలను సూచించే ‘మిడీవల్’ అన్న ఇంగ్లిష్ మాట చివర ఆ నాలుగు అక్షరాలే ఉన్నాయి. దాంతో ‘మెడిరివ్యూ’ అనే అర్థంలేని మాట పుట్టి, చరిత్ర రాసేవారి వెబ్ పేజీల్లోకి కూడా చేరింది. 2008లో అమెరికాలోని ఒక మత సంస్థ వార్తా వెబ్‌సైట్ ‘గే’ అన్న మాట కనిపించిన చోటల్లా ‘హోమోసెక్సువల్’ అని మార్చేలా ఏర్పాటు చేసుకుంది. ఒలింపిక్ ఎంపిక పోటీల్లో గెలిచిన పరుగుల వీరుడు టైసన్ గే పేరు టైసన్ హోమోసెక్సువల్ అయిపోయింది.

తెలుగులో ఈ ఉచ్చు ఇంకా బిగువు. 2010లో కడప జిల్లా వైఎస్సార్ జిల్లా అయింది. ఫైళ్లన్నింటిలో ‘కడప’ తీసి ‘వైఎస్సార్’ పెట్టమంటే ‘కడపటి తేదీ’ కాస్తా ‘వైఎస్సార్‌టి తేదీ’ అవుతుంది. పూర్తి పదం అయితేనే మార్చమని ఇంగ్లిష్‌లో చెప్పినట్టు ఇక్కడ చెప్పడానికి లేదు. అలా చెబితే ‘కడపలో’, ‘కడపకు’, ‘కడపనుంచి’ అన్నవన్నీ తప్పించుకుంటాయి. తెలుగులో విభక్తి మాటకు అతుక్కుని ఉంటుంది. వల కన్ను పెద్దదైతే అవసరమైన చేప జారిపోతుంది, చిన్నదైతే అక్కర్లేనిది పడుతుంది.

పైగా మారింది జిల్లా పేరే. ఊరు కడపగానే ఉంది. ఏ వరుసలో కడప జిల్లాను సూచిస్తోంది, ఏ వరుసలో ఊరిని సూచిస్తోంది అన్నది చదివితే తప్ప తెలియదు. 2025లో జిల్లా పేరు మళ్లీ మారి వైఎస్సార్ కడప అయింది. ‘వైఎస్సార్’ ఉన్న చోటల్లా ‘వైఎస్సార్ కడప’ పెట్టమంటే ఆ పేరుతో ఉన్న ఉద్యాన విశ్వవిద్యాలయం కూడా మారిపోతుంది. అదే ఆదేశాన్ని మర్చిపోయి రెండోసారి నడిపితే ‘వైఎస్సార్ కడప కడప’ అవుతుంది. ఎన్నిసార్లు నడిపినా ఒకే ఫలితం వచ్చేలా ఆదేశం రాయడం ప్రోగ్రామర్లు పాటించే పాత నియమం. ఇలాంటి అనుభవాల్లోంచి పుట్టిందే అది.

ఇక వ్యాకరణం. మద్రాసు తీసి చెన్నై పెడితే ‘మద్రాసుకు’ అన్నది ‘చెన్నైకు’ అవుతుంది. తెలుగువాడు ‘చెన్నైకి’ అంటాడు. ‘మద్రాసును’ అన్నది ‘చెన్నైను’ అవుతుంది. కావలసింది ‘చెన్నైని’. ‘మద్రాసంటే’, ‘మద్రాసైతే’ అన్నచోట సంధి కలిసి చివరి ఉకారం మాయమైంది కాబట్టి అవి యంత్రానికి అసలు కనిపించవు. పేరు మారితే విభక్తి కూడా మారుతుందన్నది తెలుగు పిల్లలకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఎడిటర్‌కు ఒక్కొక్క రూపమూ విడిగా చెప్పాలి.

రెండక్షరాల తంటా

2024 మార్చిలో తెలంగాణ వాహనాల రిజిస్ట్రేషన్ కోడ్ టీఎస్ నుంచి టీజీకి మారింది. ఆ తర్వాత ప్రభుత్వ శాఖలు, సంస్థలు కూడా టీజీ వాడాలని ఆదేశాలు వచ్చాయి. రెండు అక్షరాలు. ఇంతకన్నా చిన్న మార్పు ఉండదనిపిస్తుంది. కాని ఇంగ్లిష్‌లో స్పోర్ట్స్, అకౌంట్స్, రిజల్ట్స్ అన్న మాటలన్నీ ముగిసేది ఆ రెండు అక్షరాలతోనే. పెద్దక్షరాల్లో రాసిన శీర్షికల మీద గుడ్డిగా మార్పు ఆదేశం నడిపితే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

పూర్తి పేర్లకే పరిమితం చేద్దామన్నా ఒక్క సూత్రం సరిపోదు. టీఎస్‌పీఎస్సీ టీజీపీఎస్సీ అయింది. అదే సూత్రం ప్రకారం టీఎస్‌ఆర్టీసీ టీజీఆర్టీసీ కావాలి. అయింది మాత్రం టీజీఎస్‌ఆర్టీసీ. ఒకచోట ఎస్ పోయింది, మరోచోట ఉండిపోయింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి. అప్పటికే టీఎస్ నంబరుతో నమోదైన వాహనాలు ఆ నంబరుతోనే తిరుగుతున్నాయి. మార్పు కొత్త రిజిస్ట్రేషన్లకే. వాహనాల జాబితాలో పాత నంబర్లు మార్చిన ఫైలు చక్కగా, ఏకరీతిగా కనిపిస్తుంది, కాని అందులో ప్రతి వరుసా అబద్ధం. నంబర్ ప్లేటు ఒకటి, రికార్డు మరొకటి.

ఇదే మాట పేర్లన్నింటికీ వర్తిస్తుంది. నగరం చెన్నై అయినా హైకోర్టు మద్రాసు హైకోర్టే. ముంబైలో ఉన్నది బొంబాయి హైకోర్టు, కోల్‌కతాలో ఉన్నది కలకత్తా హైకోర్టు. వాటి పేర్లు మార్చడానికి 2016లో లోక్‌సభలో బిల్లు ప్రవేశపెట్టినా అది చట్టం కాలేదు. ప్రయాగ్‌రాజ్‌లోని హైకోర్టు, విశ్వవిద్యాలయం రెండూ అలహాబాద్ పేరుతోనే ఉన్నాయి. 1972లో సిలోన్ శ్రీలంక అయింది, అక్కడి టీ మాత్రం సిలోన్ టీగానే అమ్ముడవుతోంది. 1990లలో కరీంనగర్‌లో ఇచ్చిన ధ్రువపత్రంలో ఆంధ్రప్రదేశ్ అని ఉంటే అది తప్పు కాదు. ఆనాటి నిజం. దాన్ని దిద్దడమే తప్పు.

ఒకే పేరు, మూడు జిల్లాలు

పేరు మార్పుల్లో వరంగల్‌ను మించిన చిక్కుముడి అరుదు. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో పది జిల్లాలు 31 అయ్యాయి. పాత వరంగల్ జిల్లా నుంచి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్‌తోపాటు మరికొన్ని కొత్త జిల్లాలు వచ్చాయి. 2021 ఆగస్టులో అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. ఇప్పుడు ఏ ఫైలులోనైనా వరంగల్ జిల్లా అని కనిపిస్తే దానికి మూడు అర్థాలుండవచ్చు. 2016కు ముందు రాసినదైతే పాత పెద్ద జిల్లా. 2021 తర్వాతిదైతే ఇప్పటి జిల్లా. ఆ మధ్యకాలంలో రాసినదైతే అర్బన్, రూరల్‌లలో ఏదో ఒకటి రాయకుండా వదిలేసినది కావచ్చు. అక్షరాలు అవే, ఊళ్లు వేరు.

ఓపిక పట్టి ‘వరంగల్ అర్బన్’ తీసి ‘హనుమకొండ’, ‘వరంగల్ రూరల్’ తీసి ‘వరంగల్’ అని జాగ్రత్తగా మార్చినా పని పూర్తి కాదు. పేర్లతోపాటు సరిహద్దులు కూడా కదిలాయి. అర్బన్‌లో ఉన్న వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు కొత్త వరంగల్ జిల్లాకు వచ్చాయి. రూరల్‌లో ఉన్న పరకాల హనుమకొండకు వెళ్లింది. అంటే జిల్లా పేరు మార్చాలంటే ముందు అదే వరుసలో మండలం పేరు చూడాలి. ఇది వెతికి మార్చే పని కాదు, చదివి నిర్ణయించే పని. ఇక హనుమకొండను హన్మకొండ అని రాసేవారూ తక్కువ కాదు. ఒక వర్ణక్రమాన్ని వెతికితే రెండోది దొరకదు.

కనిపించనివి ఇంకా ఉన్నాయి. ‘వైఎస్సార్’ చివరి పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు ఒక అదృశ్య సంకేతం చేరుస్తాయి. కొన్ని చేర్చవు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. ఎడిటర్‌కు అవి వేరువేరు మాటలు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లది మరో లోకం. అక్కడ తెలుగు అక్షరం వేషంలో ఉన్నది ఇంగ్లిష్ అక్షరమో, ఏదో గుర్తో. అలాంటి ఫైలు యూనికోడ్ ఫైళ్ల గుంపులో ఒకటి కలిసి ఉంటే వెతుకులాటకు అది పట్టుబడదు. ‘దొరకలేదు’ అని ఎడిటర్ చెప్పినంత మాత్రాన ‘లేదు’ అని అర్థం కాదు.

తొందర లేని పద్ధతి

ఇంత చిక్కు ఉన్నా, అనుభవజ్ఞులు ఈ పని రోజూ చేస్తూనే ఉన్నారు. వారి పద్ధతి పెద్ద రహస్యమేమీ కాదు. మొదట వెతకడమే. మార్చే బటన్ జోలికి పోరు. మాట ఎన్ని ఫైళ్లలో, ఎన్ని చోట్ల ఉందో లెక్క రాసుకుంటారు. దొరికిన వరుసలను పైనుంచి కిందికి చదువుతారు. ఈ చదువులోనే కడపటి తేదీలూ, హైకోర్టులూ బయటపడతాయి. తర్వాత ఒకే మాటకు ఉన్న రూపాలన్నీ జాబితా వేసి, వాటిలో పొడవైనదాన్ని ముందు, పొట్టిదాన్ని వెనక మారుస్తారు. ‘వరంగల్ అర్బన్’ పని ముగియకుండా ‘వరంగల్’ను ముట్టుకోరు. రెండు పేర్లు ఒకదానితో ఒకటి తారుమారు కావాలంటే మధ్యలో మూడో పేరు వాడతారు. రెండు గ్లాసుల్లోని పాలూ నీళ్లూ అటూ ఇటూ మార్చడానికి మూడో గ్లాసు కావలసినట్టు.

మార్చడానికి ముందు మొత్తం ఫోల్డర్‌కు నకలు తీస్తారు. లేదా 2005లో లినస్ టోర్వాల్డ్స్ తయారుచేసిన గిట్ వంటి పనిముట్టుతో ఆ క్షణానికి ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయో భద్రం చేస్తారు. మార్చాక పాతదానికీ కొత్తదానికీ తేడా ఉన్న వరుసలను మాత్రమే తెర మీదికి తెచ్చుకుని మరోసారి చదువుతారు. ఆ పని చేసే డిఫ్ కూడా 1970లలో బెల్ ల్యాబ్స్‌లో పుట్టినదే. చివరగా పాత పేరును మళ్లీ వెతుకుతారు. మిగిలినవన్నీ కావాలని వదిలేసినవే అయి ఉండాలి. ఉదాహరణకు ముందు నాలుగు వందల చోట్ల దొరికి, మూడు వందల అరవై మార్చితే, నలభై మిగలాలి. ముప్పై తొమ్మిదే మిగిలితే ఆ ఒక్కటీ ఎటు పోయిందో తేలేదాకా పని ముగిసినట్టు కాదు.

ఇందులో యంత్రం తీసుకునేది కొన్ని క్షణాలు. మిగిలిన సమయమంతా చదవడానికే. ‘ఐదు నిమిషాల పనికి రెండు రోజులా?’ అని పై అధికారి అడిగితే దానికి సమాధానం అక్కడే ఉంది. ఐదు నిమిషాలు మార్చడానికి, రెండు రోజులు మార్చకూడనివి తెలుసుకోవడానికి.

మారే పేరు, మారని అంకె

నిజానికి ఈ బాధకు మూలం వేరే ఉంది. ఒక పేరును వందల ఫైళ్లలో మార్చాల్సి వస్తోందంటే, దాన్ని వందల చోట్ల రాయడమే అసలు తప్పు. పేరు ఒక్కచోట ఉండి, మిగిలిన ఫైళ్లన్నీ దాన్ని అక్కడినుంచి తెచ్చుకుంటే ఒక్క వరుస దిద్దితే సరిపోతుంది. కోబాల్ కాలంలోనే ఉమ్మడి వివరాలను ఒక ఫైలులో ఉంచి ప్రోగ్రాములన్నీ దాన్ని కలుపుకునే ఏర్పాటు ఉంది. తొందరలో ఉన్నవాళ్లు మాత్రం పక్క ఫైలులోంచి తెచ్చి అతికించుకుంటారు. అతికించిన ప్రతిసారీ ఒక కొత్త అప్పు పుడుతుంది. పేరు మారిన రోజున అది వడ్డీతో సహా తీర్చాలి.

దేశంలోని పాత వ్యవస్థలు కొన్ని ఈ తెలివి ఎప్పుడో చూపాయి. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడ్ ఊరిని ఆరు అంకెలతో గుర్తిస్తుంది. మద్రాసు చెన్నై అయినా 600001 మారలేదు. రాష్ట్రం రెండైనా హైదరాబాద్ 500001 మారలేదు. మద్రాస్ సెంట్రల్ స్టేషన్ పేరు ఎన్నిసార్లు మారినా రైల్వే కోడ్ ఎంఏఎస్‌గానే ఉంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీ జిల్లాలకు, మండలాలకు, గ్రామాలకు విడివిడిగా కోడ్‌లు ఇస్తోంది. శాఖలన్నీ పేరును కాకుండా ఆ కోడ్‌నే తమ ఫైళ్లలో ఉంచుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

సగమే. ఎందుకంటే కోడ్‌లను కూడా మార్చాలన్న కోరిక పాలకులకు పుడుతుంది. 2018లో మొగల్‌సరాయ్ స్టేషన్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అయినప్పుడు దాని కోడ్ ఎంజీఎస్ నుంచి డీడీయూ అయింది. 2020లో అలహాబాద్ జంక్షన్‌దీ అదే దారి. టీఎస్, టీజీల కథ సరేసరి. పేరుకు గౌరవం, అభిమానం, రాజకీయం అంటుకుని ఉంటాయి. అంకెకు అవేవీ అంటవు. గుర్తింపు పనిని అంకెకు అప్పగించి, అభిమానాన్ని పేరుకు వదిలేయడం ఇద్దరికీ మంచిది.

అది జరిగేదాకా ఫైళ్లు దిద్దే ఆ చిన్న ఉద్యోగి మీదే భారం. అతను చదవకుండా నొక్కిన బటన్ ఫలితం అతనికి తెలియకపోవచ్చు. భూమి పత్రంలో ఒక జిల్లా, కంప్యూటర్‌లో మరో జిల్లా ఉన్న రైతుకు తెలుస్తుంది. బండి మీద ఒక నంబరు, రికార్డులో మరో నంబరు ఉన్న యజమానికి తెలుస్తుంది. ఆ ఇద్దరూ కౌంటర్ ముందు నిలబడి తమది తప్పు కాదని నిరూపించుకోవాలి. వెయ్యి ఫైళ్లనూ ఒక్క ఫైలులా తెరిచే శక్తిని ఎడిటర్ ఇచ్చింది. వాటిలో ప్రతి వరుస వెనకా ఒక మనిషి ఉన్నాడన్న సంగతి గుర్తుంచుకోవలసింది మాత్రం దాన్ని వాడేవారే.